కుర్చీలో రోగి స్పృహ తప్పితే మొదటి నిమిషంలో ఎవరేం చేయాలి?

ప్రశ్న: నేను దంతవైద్యురాలిని. సొంతంగా క్లినిక్ తెరిచి ఏడాది కావస్తోంది. నాతో ఇద్దరు సహాయకురాళ్లు, ముందు గదిలో ఒక రిసెప్షనిస్టు పనిచేస్తారు. ఈమధ్య పన్ను తీయడానికి మత్తు ఇంజెక్షన్ ఇచ్చి సూది బయటికి తీస్తుండగానే ఒక యువకుడు పాలిపోయి, చెమటలు పట్టి, స్పృహ తప్పాడు. నేను అతని చెంపలు తడుతూ పిలుస్తున్నాను. ఒక సహాయకురాలు మంచినీళ్లు తెచ్చింది. ఇంకొకరు ఆక్సిజన్ సిలిండర్ తెచ్చారు గానీ దాన్ని తిప్పే కీ దొరకలేదు. కాసేపటికి అతనే తేరుకున్నాడు. మరునాడే భయంతో పాతిక రకాల మందులున్న పెట్టె కొన్నాను. వాటిలో సగం మందులు ఎప్పుడు, ఎంత వాడాలో నాకు ధైర్యంగా తెలియదు. అదే వారంలో ఒక తల్లి ఫోన్ చేసి, బాబు ఆటలో కిందపడి ముందు పన్ను ఊడివచ్చిందని చెబితే, మా రిసెప్షనిస్టు సాయంత్రం రమ్మంది. వాళ్లు వచ్చేసరికి ఆ పన్ను కాగితం పొట్లంలో ఎండిపోయి ఉంది. ఇలాంటి వాటికి మేము ఎలా సిద్ధపడాలి?

జవాబు: డాక్టరు గారూ, మీరు రాసిన రెండు సంఘటనలూ వేరువేరుగా కనిపిస్తున్నా రెంటికీ మూలం ఒక్కటే. రోగి స్పృహ తప్పినప్పుడు మీ ముగ్గురూ ఏదో ఒకటి చేస్తూనే ఉన్నారు, కానీ ముందుగా చేయవలసిన పని ఎవరూ చేయలేదు. ఫోన్ మోగినప్పుడు మీ రిసెప్షనిస్టుకు ముందుగా ఏం చెప్పాలో ఎవరూ నేర్పలేదు. పాతిక మందుల పెట్టె ఈ లోటును తీర్చదు. దంతవైద్యశాలలో వచ్చే ఆపదల్లో ఎక్కువ భాగం మొదటి నిమిషంలో మందు మీద ఆధారపడవు. కుర్చీని ఎలా వాల్చారు, శ్వాస ఆడుతోందో లేదో ఎవరు చూశారు, అంబులెన్సుకు ఎవరు ఫోన్ చేశారు అన్నవాటి మీదే ఆధారపడతాయి. అందువల్ల మందుల సంగతి తరువాత చూద్దాం, ముందు మనుషుల సంగతి తేల్చుకుందాం.

మీరు నలుగురున్నారు, అది చాలు. రోగి తల దగ్గర మీరు ఉండాలి. నోట్లోని పనిముట్లు, దూది, గాజుగుడ్డ తీసివేయడం, శ్వాసమార్గం తెరచి ఉంచడం, ఏం జరుగుతోందో నిర్ణయించడం మీ పని. ఒక సహాయకురాలు అత్యవసర పెట్టెను, ఆక్సిజన్‌ను, గుండెకు షాక్ ఇచ్చే ఏఈడీ యంత్రాన్ని తేవాలి; అవి ఎక్కడున్నాయో ఆమె వెతుక్కునే పరిస్థితి ఉండకూడదు. రెండో సహాయకురాలు నాడి, బీపీ చూసి, ఏ నిమిషాన ఏం చేశారో కాగితం మీద రాస్తూ ఉండాలి. ఛాతీ నొక్కవలసి వస్తే మీతో వంతులు మార్చుకోవలసింది కూడా ఆమే. రిసెప్షనిస్టు అంబులెన్సుకు ఫోన్ చేసి, చిరునామా, ఏ అంతస్తు, రోగి వయసు, స్పృహ ఉందా లేదా, ఊపిరి ఆడుతోందా లేదా అన్నవి చెప్పి, ఆ తరువాత వాకిట్లో నిలబడి వచ్చినవారిని నేరుగా గదిలోకి తీసుకురావాలి. చెప్పవలసిన ఆ మాటలను ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఫోన్ పక్కనే అతికించండి, ఎందుకంటే కంగారులో మనిషి తన సొంత చిరునామా కూడా తడబడుతూ చెబుతాడు. ఎవరైనా సెలవు పెట్టిన రోజున వారి పని ఎవరిదో పొద్దున్నే అనుకోవాలి.

ఇక మీ కుర్చీలో జరిగినది. మీ వర్ణనను బట్టి అది భయం వల్ల, సూది నొప్పి వల్ల వచ్చిన సొమ్మసిల్లడమే. దంతవైద్యుల దగ్గర అన్నిటికన్నా తరచుగా కనిపించే ఆపద ఇదే. భయపడిన శరీరంలో కాళ్లలోని రక్తనాళాలు ఒక్కసారిగా వెడల్పై, గుండె వేగం తగ్గి, మెదడుకు చేరవలసిన రక్తం తగ్గిపోతుంది. నిటారుగా కూర్చున్న మనిషికి ఇది మరింత త్వరగా జరుగుతుంది. స్పృహ తప్పే ముందు మొహం పాలిపోవడం, పై పెదవి మీద, నుదుటి మీద చెమట పట్టడం, ఆవలింతలు, వికారం, కళ్లు మసకలు కమ్మడం వంటి సూచనలు కొన్ని క్షణాలపాటు కనిపిస్తాయి. ఇంజెక్షన్ ఇస్తున్నప్పుడు మీ చూపు సూది మొన మీదే కాక రోగి మొహం మీద కూడా ఉండాలని చెప్పేది ఇందుకే. ఆ సూచన కనిపించగానే పని ఆపి, కుర్చీని పూర్తిగా వెనక్కి వాల్చి, కాళ్లు గుండె కంటే కొంచెం ఎత్తులో ఉండేలా చేయండి. బిగుతుగా ఉన్న కాలరు, బెల్టు వదులు చేయండి, గడ్డం ఎత్తి పట్టుకోండి, ఆక్సిజన్ ఇవ్వండి. నెలలు నిండుతున్న గర్భిణి అయితే కుడి తుంటి కింద దిండు పెట్టి ఎడమ వైపుకు ఒరిగించాలి. వెల్లకిలా ఉంచితే గర్భసంచి బరువు పెద్ద రక్తనాళాన్ని నొక్కి పరిస్థితిని ఇంకా చెడగొడుతుంది.

నీళ్లు తాగించబోవడం ఎంత మంచి మనసుతో చేసినా ప్రమాదమే. స్పృహ లేని మనిషి మింగలేడు, ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చెంపలు తట్టడం వల్ల నష్టం పెద్దగా ఉండదు గానీ విలువైన క్షణాలు పోతాయి. తేరుకున్న వెంటనే లేపి కూర్చోబెట్టడం ఇంకో పొరపాటు. కుర్చీని కొద్దికొద్దిగా ఎత్తుతూ, ప్రతి దశలో ఎలా ఉందో అడుగుతూ, నాడి, బీపీ మామూలు స్థితికి వచ్చాకే నిలబడనివ్వాలి. ఆ రోజు పన్ను తీయడం వాయిదా వేయడమే మంచిది, తనంతట తాను బండి నడుపుకుంటూ వెళ్లనివ్వకూడదు.

ఇక్కడ మీకు ఒక మాట గట్టిగా చెప్పాలి. సొమ్మసిల్లిన మనిషి పడుకోబెట్టి కాళ్లు ఎత్తిన ఒక నిమిషం లోపే సాధారణంగా కళ్లు తెరుస్తాడు. తెరవకపోతే అది సొమ్మసిల్లడం అనే ఆలోచనను అక్కడితో వదిలేయండి. ఊపిరి మామూలుగా ఆడుతోందా అని మాత్రం ఆ నిమిషం కోసం ఆగకుండా, పడుకోబెట్టగానే 10 సెకన్లకు మించకుండా చూడాలి. ఎప్పుడో ఒకసారి ఎగశ్వాసలాగా రావడాన్ని ఊపిరి అనుకోవద్దు. గుండె ఆగిన తరువాత మొదటి నిమిషాల్లో అలాంటి శ్వాస చాలామందిలో కనిపిస్తుంది. ఊపిరి మామూలుగా లేకపోతే వెంటనే ఛాతీ మధ్యలో నొక్కడం మొదలుపెట్టాలి. పెద్దవారిలో 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతున, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ప్రతి 30 నొక్కుళ్లకు 2 శ్వాసల చొప్పున సాగాలి. రోగిని కుర్చీలోంచి నేల మీదికి దించడానికి సమయం వృథా చేయకండి. కుర్చీని బల్లపరుపుగా వాల్చి, వీపు భాగం కింద ఒక స్టూలు ఆనించి పెడితే నొక్కినప్పుడల్లా కుర్చీ ఊగదు. మీ స్టూలు ఆ ఎత్తుకు సరిపోతుందో లేదో రేపు ఉదయమే పెట్టి చూడండి. ఏఈడీ వచ్చిన క్షణమే దాన్ని ఆన్ చేసి అది చెప్పినట్టు చేయాలి. షాక్ ఆలస్యమైన ప్రతి నిమిషమూ బతికే అవకాశాన్ని తగ్గిస్తుంది.

ఊపిరి ఆడుతూనే స్పృహ రానప్పుడు షుగరు చూడండి. గ్లూకోమీటరు ప్రతి దంతవైద్యశాలలోనూ ఉండి తీరాలి. పన్ను నొప్పితో భోజనం మానేసి, ఇన్సులిన్ మాత్రం యథావిధిగా తీసుకుని వచ్చేవారు మీకు తప్పకుండా తారసపడతారు. వణుకు, చెమట, ఆకలి, తాగిన మనిషిలా తిక్కమాటలు, ఉన్నట్టుండి కోపం వీరిలో కనిపిస్తాయి. డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కన్నా తక్కువ ఉండి, మనిషి మింగగల స్థితిలో ఉంటే 15 నుంచి 20 గ్రాముల గ్లూకోజ్ ఇచ్చి, 15 నిమిషాల తరువాత మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా కండరంలోకి షుగరును పెంచే గ్లూకగాన్ 1 మిల్లీగ్రాము ఇచ్చి అంబులెన్సును పిలవాలి. ఫిట్స్ వస్తే కుర్చీని వాల్చి, ట్రేను, హ్యాండ్‌పీసులను దూరంగా తోసి, రోగి కింద పడకుండా కాచుకోండి, అంతే. చేతులు కాళ్లు బిగించి పట్టుకోవడం, పళ్ల మధ్య చెంచా దూర్చడం పనికిరావు. ఆగిన తరువాత పక్కకు తిప్పి నోటిని సక్షన్‌తో శుభ్రం చేయండి. 5 నిమిషాలు దాటినా ఆగకపోతే పెద్దవారికి చెంప లోపలి వైపు ఫిట్స్‌ను ఆపే మిడజోలామ్ 10 మిల్లీగ్రాములు పెట్టాలి, అప్పటికే అంబులెన్సు దారిలో ఉండాలి.

ఇప్పుడు మీ పెట్టె. మీరు చేతులారా ఇవ్వలేని మందు పెట్టెలో ఉండటం వల్ల ధైర్యం రాదు, తికమక వస్తుంది. దంతవైద్యశాలకు నిజంగా కావలసినవి కొద్దే: అడ్రినలిన్, నమిలే ఆస్పిరిన్, నాలుక కింద కొట్టే నైట్రోగ్లిజరిన్ స్ప్రే, ఉబ్బసానికి సాల్బ్యుటమాల్ ఇన్‌హేలరు, దాని మందు సులువుగా పీల్చుకోవడానికి తగిలించే స్పేసరు గొట్టం, గ్లూకోజ్, గ్లూకగాన్, మిడజోలామ్, వీటన్నిటికన్నా ముందు ఆక్సిజన్. వీటిలో కొన్నింటిని దగ్గర ఉంచుకోవడానికి ఒక్కోచోట ఒక్కో నిబంధన ఉంటుంది, అది తెలుసుకుని పాటించండి. మిగిలినవి మీకు ఇవ్వడం వచ్చాక చేర్చుకోవచ్చు.

ఈ మందులన్నిటిలో మీ చేయి క్షణం కూడా తటపటాయించకూడనిది అడ్రినలిన్. పెన్సిలిన్ జాతి మందు, రబ్బరు తొడుగుల లేటెక్స్, పుక్కిలింతకు వాడే క్లోర్‌హెక్సిడిన్ వంటివి తగిలిన కొద్ది నిమిషాల్లో ఒళ్లంతా దద్దుర్లు, పెదవుల వాపు, గొంతు బిగుసుకోవడం, ఈలలాంటి శ్వాస, బీపీ పడిపోవడం కనిపిస్తే అది ప్రాణాంతకమైన అలర్జీ. దద్దుర్లు లేనంత మాత్రాన అది కాదనుకోకండి. పెద్దవారికి 1:1000 అడ్రినలిన్ అర మిల్లీలీటరు, అంటే అర మిల్లీగ్రాము, తొడ మధ్యభాగంలో బయటి వైపు కండరంలోకి ఇవ్వాలి. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు 0.3 మిల్లీగ్రాములు, అంతకన్నా చిన్నవారికి 0.15 మిల్లీగ్రాములు. 5 నిమిషాల్లో మెరుగు లేకపోతే మళ్లీ ఇవ్వాలి. చాలామంది ముందు అలర్జీ ఇంజెక్షన్, స్టెరాయిడ్ ఇచ్చి, తగ్గకపోతే అడ్రినలిన్ అనుకుంటారు. ప్రాణాలు పోయేది ఆ ఆలస్యంలోనే. అలర్జీ మందులు దురదను తగ్గిస్తాయి గానీ మూసుకుపోతున్న గొంతును తెరవవు. రోగిని పడుకోబెట్టి కాళ్లు ఎత్తి ఉంచండి, ఆయాసంగా ఉంటే కూర్చోనివ్వండి, కానీ లేచి నడవనివ్వకండి. మీరు మత్తు ఇంజెక్షన్‌లో వాడే అడ్రినలిన్ ఎన్నో రెట్లు పలుచన చేసినది, దీనికి అది బదులు కాదు.

ఛాతీ నొప్పి వస్తే రోగి తనకు సుఖంగా ఉన్న భంగిమలో, సాధారణంగా కూర్చునే, ఉంటాడు. పై బీపీ 100 కన్నా తక్కువ లేకపోతే నైట్రోగ్లిజరిన్ స్ప్రే కొట్టవచ్చు. అయితే లైంగిక సామర్థ్యానికి సిల్డెనాఫిల్ వంటి మందు ఈ ఒకటి రెండు రోజుల్లో వాడారేమో ముందు అడగాలి. ఆ రెండూ కలిస్తే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది; బంధువుల ముందు అడిగితే ఎవరూ నిజం చెప్పరు కాబట్టి వారిని బయటికి పంపి అడగండి. నొప్పి తగ్గకపోతే గుండెపోటుగానే భావించి, అలర్జీ లేనివారికి 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమలమని ఇచ్చి, అంబులెన్సును పిలవాలి. ఉబ్బసం రోగి సొంత ఇన్‌హేలరు చేతిసంచిలో కాక మీ ట్రే మీద ఉండేలా మొదటి నుంచీ అలవాటు చేయండి. భయంతో గబగబా ఊపిరి తీస్తూ వేళ్లు తిమ్మిరెక్కిన వారికి కాగితం సంచిలో ఊపిరి తీయించే పాత పద్ధతిని వదిలేసి, పక్కన కూర్చుని నెమ్మదిగా శ్వాస తీయించండి.

ఆక్సిజన్ విషయంలో మీకు జరిగినది ఇంకెక్కడైనా జరగగలదు కనుక వివరంగా చెబుతాను. కీని సిలిండర్ మెడకే గొలుసుతో కట్టివేయండి. వారానికొకసారి తెరిచి మీటరు చూసి, తేదీ వేసి సంతకం చేయించండి. 340 లీటర్ల సిలిండర్‌ను నిమిషానికి 15 లీటర్ల చొప్పున వదిలితే 22 నిమిషాలకే ఖాళీ అవుతుంది. అంబులెన్సు మీ దగ్గరికి అంతకన్నా ఆలస్యంగా వస్తుందనుకుంటే రెండో సిలిండర్ అవసరం. రిజర్వాయరు సంచి ఉన్న మాస్కు, ఊపిరి ఆడనివారికి చేత్తో నొక్కి గాలి అందించే ఆంబు బ్యాగు పెద్దలకూ పిల్లలకూ సరిపడేది కూడా దాని పక్కనే ఉండాలి.

ఆపద వచ్చాక చేసేదాని కన్నా రాకముందు అడిగే ప్రశ్నలు ఎక్కువమందిని కాపాడతాయని నా నమ్మకం. మొదటిసారి నింపించిన ఫారంతో సరిపెట్టుకోకుండా, వచ్చిన ప్రతిసారీ కొత్త మందులేమైనా మొదలుపెట్టారా, ఈరోజు భోజనం చేశారా, ఇదివరకు ఇంజెక్షన్‌కు కళ్లు తిరిగాయా అని అడగండి. తిరిగాయి అన్నవారిని ముందు కుర్చీలో పడుకోబెట్టి, ఆ తరువాతే ఇంజెక్షన్ ఇవ్వండి. పిల్లల్లో మత్తుమందు మోతాదును బరువును బట్టి లెక్కకట్టకుండా సిరంజి పట్టుకోకండి. 2 శాతం లిగ్నోకైన్ ఉన్న 1.8 మిల్లీలీటర్ల కార్ట్రిడ్జ్‌లో 36 మిల్లీగ్రాములు ఉంటాయి. కిలోకు 4.4 మిల్లీగ్రాములు అనే జాగ్రత్త లెక్కన 20 కిలోల బిడ్డకు 88 మిల్లీగ్రాములే హద్దు, అంటే రెండు కార్ట్రిడ్జ్‌లు ఇవ్వవచ్చు, మూడోది పూర్తి చేస్తే హద్దు దాటిపోతాం. నాలుగు వైపులా ఒకేరోజు పని ముగించాలని తల్లిదండ్రులు కోరినప్పుడు ఈ లెక్క వారికి కూడా చూపించండి. సూది రక్తనాళంలో లేదని ప్రతిసారీ వెనక్కి లాగి చూసి, నెమ్మదిగా ఇవ్వాలి. రూట్ కెనాల్‌కు రబ్బరు డ్యామ్ (పన్ను చుట్టూ పరిచే పలుచని రబ్బరు తెర) కట్టడం, దాన్ని పట్టి ఉంచే క్లాంపుకు దారం కట్టి ఉంచడం పనిముట్లు గొంతులోకి జారకుండా కాపాడతాయి. ఏదైనా జారిపోయి కనిపించకపోతే, దగ్గు రాలేదు కదా అని ఊరుకోకుండా ఎక్స్‌రేకు పంపాలి.

మీ రెండో సంఘటనకు వస్తే, పన్ను ఊడివచ్చిందని ఫోన్ వచ్చినప్పుడు చికిత్స మొదలుకావలసింది ఆ ఫోన్‌లోనే. వేరు చుట్టూ అంటుకుని ఉండే సన్నని పొరలోని కణాలు బయట పొడిగా ఉంటే గంటలోపే చనిపోతాయి. అవి బతికి ఉంటేనే పన్ను ఎముకకు మళ్లీ సహజంగా అతుక్కుంటుంది. అందుకని మీ రిసెప్షనిస్టు అడగవలసిన మొదటి ప్రశ్న బిడ్డ స్పృహ తప్పాడా, వాంతి చేసుకున్నాడా అని, ఎందుకంటే తలకు దెబ్బ తగిలి ఉంటే ముందు ఆసుపత్రికే వెళ్లాలి. రెండో ప్రశ్న వయసు. పాలపన్ను అయితే తిరిగి పెట్టకూడదు, లోపల పెరుగుతున్న శాశ్వతదంతానికి దెబ్బ తగులుతుంది. శాశ్వతదంతం అయితే వేరును తాకకుండా పైభాగం పట్టుకుని, మట్టి ఉంటే కొన్ని క్షణాలు చల్లని నీటి ధార కింద కడిగి, రుద్దకుండా, వీలైతే అక్కడికక్కడే దాని స్థానంలో పెట్టి గుడ్డ కొరికించమని చెప్పాలి. అంత ధైర్యం లేకపోతే పాలలో వేసి వెంటనే బయలుదేరమనాలి. పాలు దొరకకపోతే బిడ్డ ఉమ్మే చాలు, ఒక కప్పులో ఉమ్మించి అందులో ఉంచవచ్చు. కాగితం, దూది, పొడిగుడ్డ వద్దు. వచ్చాక మీరు దాన్ని అమర్చి, కొంచెం కదిలే వీలున్న సన్నని తీగతో పక్కపళ్లకు రెండు వారాలు కట్టి, టెటనస్ సంగతి కనుక్కుని, వేరు చివర పూర్తిగా మూసుకున్న పన్ను అయితే ఆ రెండు వారాల లోపే రూట్ కెనాల్ మొదలుపెడతారు. ఎండిపోయిన పన్నును కూడా చాలా సందర్భాల్లో తిరిగి పెట్టడమే మేలు; అది ఎల్లకాలం నిలవకపోయినా, ఎదిగే వయసులో ఎముకను, బిడ్డ నవ్వును కొన్నేళ్లు కాపాడుతుంది. మీ దగ్గరికి వచ్చిన ఆ బాబు పన్నును మీరు ఏం చేశారో రాయలేదు, పెట్టి ఉంటే క్రమం తప్పకుండా చూస్తూ ఉండండి.

ఫోన్‌లోనే గుర్తుపట్టవలసిన మరో ఆపద వాపు. దవడ వాచింది అన్నవారిని నోరు ఎంత తెరవగలుగుతున్నారు, మింగగలుగుతున్నారా, నాలుక పైకి లేచినట్టుందా, మాట ముద్దగా వస్తోందా, జ్వరం ఉందా అని అడగాలి. నోటి అడుగుభాగం రెండువైపులా గట్టిగా వాచి, నాలుక పైకి నెట్టుకుపోయి, ఉమ్మి మింగలేక కారిపోతుంటే అది 1836లో జర్మన్ వైద్యుడు లుడ్విగ్ వర్ణించిన స్థితి. చీము కన్నా ముందు శ్వాసమార్గం మూసుకుపోయే ప్రమాదం అందులో ఉంది. వారిని మీ దగ్గరికి రప్పించి, పడుకోబెట్టి నోరు తెరిపించి చూడబోకండి, కూర్చున్న భంగిమలోనే ఉంచి పెద్ద ఆసుపత్రికి పంపండి. యాంటీబయాటిక్ రాసిచ్చి రేపు రమ్మనడం ఇక్కడ ప్రాణం మీదికి తెస్తుంది.

పన్ను తీశాక ఆగని రక్తస్రావం చూడటానికి భయంకరంగా ఉన్నా చాలావరకు మన చేతిలోనే ఉంటుంది. తడిపి మడిచిన గాజుగుడ్డను గుంట మీద సరిగ్గా పెట్టి, మధ్యమధ్యలో తీసి చూడకుండా 20 నుంచి 30 నిమిషాలు గట్టిగా కొరకమనాలి. అప్పటికీ కారుతుంటే జెలటిన్ స్పాంజి పెట్టి కుట్లు వేయాలి, రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ ఆమ్లంలో తడిపిన గుడ్డ పెట్టాలి. రక్తం పలుచబరిచే మందులను గుండె వైద్యుడిని అడగకుండా ఆపించకండి. పంటి రక్తాన్ని ఆపగలం, మెదడులో గడ్డకట్టిన రక్తాన్ని ఆపలేం.

వీటన్నిటినీ చదివితే రావు, చేస్తేనే వస్తాయి. మీరూ మీ సిబ్బందీ గుర్తింపు ఉన్న చోట సీపీఆర్ (ఛాతీ నొక్కి, శ్వాస ఇచ్చే పద్ధతి) శిక్షణ తీసుకుని, ఏటా దాన్ని తాజా చేసుకోవాలి. దానితోపాటు నెలకోసారి, ముందుగా చెప్పకుండా, చివరి రోగి వెళ్లాక మీలో ఒకరు కుర్చీలో కళ్లు మూసుకుని పడుకోండి. ఆక్సిజన్ మాస్కు మొహం మీదికి ఎంతసేపటికి వచ్చిందో గడియారంతో చూడండి. గడువు తీరిన అడ్రినలిన్ ఆంప్యూళ్లను పారేయకుండా పక్కన పెట్టి, మీ సహాయకురాళ్ల చేత వాటిని విరిపించి, సిరంజిలోకి సరిగ్గా అర మిల్లీలీటరు తీయించండి. వణికే చేత్తో ఆ చిన్న సీసా మెడ విరచడం ఎంత కష్టమో అప్పుడే తెలుస్తుంది.

స్పృహ తప్పిన ఆ యువకుడి కేసు పేపరులో ఏ ఇంజెక్షన్ ఎంత ఇచ్చారు, ఎంతసేపు స్పృహ లేదు, నాడి ఎంత ఉంది, ఏం చేశారు, ఏ స్థితిలో ఎవరితో ఇంటికి పంపారు అన్నవి ఇప్పటికైనా, ఈరోజు తేదీ వేసి, తరువాత రాసినట్టు స్పష్టంగా పేర్కొంటూ నమోదు చేయండి. అతనికి మీరే ఫోన్ చేసి ఎలా ఉందో అడగండి. ఆ పన్ను ఇంకా తీయవలసే ఉంది కదా. భోజనం చేసి, తోడుగా ఒకరిని తీసుకుని పొద్దుటిపూట రమ్మని చెప్పండి, ఈసారి పడుకోబెట్టి ఇంజెక్షన్ ఇస్తానని ముందే మాట ఇవ్వండి.